ముక్కు దగ్గర కుట్టు

మంచు కోస్తాలోని ఇట్టివిక్ రేవులో పాత ఉప్పుచేపల కొట్టు కప్పు విప్పుతుంటే దూలాల మధ్య నుంచి ఒక కయాక్ చట్రం, ఒక్క మనిషి కూర్చునే సన్నటి తోలుపడవ చట్రం, బయటపడింది. దాని తోలు ఎప్పుడో ఊడదీసి ఎవరి బూట్ల అడుగులకో వాడేసుకున్నారు. మిగిలినవి కొయ్య పక్కటెముకలు, పొడుగాటి బద్దలు, ముక్కు దగ్గర ఎముక తొడుగు కింద ఇరుక్కుపోయిన జానెడు తోలుముక్క. కుక్కలకి అందని ఎత్తులో ఉండబట్టి ఆ ముక్కయినా మిగిలింది.

కబురు విన్న రెగీనా బూట్లు తొడుక్కునే ఓపిక కూడా లేకుండా ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో పడి పరిగెత్తింది. డెబ్బై అయిదు దాటిన మనిషి పరుగును ఎవరూ పరుగు అనరు గానీ, ఆవిడ లెక్కలో అది పరుగే. కొట్టు దగ్గరికి వచ్చేసరికి జారి చతికిలపడింది. లేవడానికి ముందు చెప్పాల్సింది చెప్పేసింది.

"ఎవరూ ముట్టుకోకండి! అది మా ఆయన పడవ!"

ఆవిడ ఆయన పేరు పావియా. పోయి ముప్పై ఏళ్లయింది. ఆయన పోయిన వారానికి పక్కింట్లో ఆడపిల్ల పుడితే, రివాజు ప్రకారం ఆ పేరు ఆ పిల్లకి ఇచ్చారు. పేరు ఎక్కడికి పోతే మనిషీ అక్కడికే పోతాడు కాబట్టి, పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచీ ఆ పిల్ల రెగీనాకి మొగుడే. ఊరంతా ఆమెని నివి అంటారు. హెలికాప్టర్ దిగే చోట సామాన్లు తూచే ఉద్యోగం ఆమెది. రెగీనా మాత్రం నలుగురిలోనూ "ఏమండీ" అనే పిలుస్తుంది. నివి కూడా తక్కువది కాదు. ఆ రోజు తూచే సామాన్లు మధ్యలో వదిలి వచ్చి, మంచులో కూర్చున్న రెగీనాని రెండు చంకల కింద చేతులు వేసి లేపుతూ, "ఏం పెళ్లామా, నా పరువు తీస్తున్నావ్," అంది.

"మీ పడవ దొరికిందండీ," అంది రెగీనా, వెనకాల అంటిన మంచు దులుపుకుంటూ.

"నీ పడవా, నా పడవా తర్వాత. అది మా నాన్నది," అని వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది.

ఆ గొంతు దోర్తెది. పావియాకి అక్క, రెగీనాకి ఆడబిడ్డ. కర్ర పట్టుకుని మెల్లగా, కానీ ఒక్కసారి కూడా జారకుండా వచ్చింది. వాళ్లిద్దరి మధ్య ఉన్న తేడా ఎప్పుడూ అదే.

చట్రాన్ని ఊరి సమావేశాల గదిలోకి మోసుకెళ్లి, రెండు బల్లల మీద పెట్టారు. చట్రాలు కట్టడం తెలిసిన పేలె వచ్చి, చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. కయాక్‌కి కొలబద్ద మనిషి ఒళ్లే. మనిషి ఎత్తుకు మూడింతలు పడవ పొడుగు. మనిషి తుంటి, ఆ పైన అటో పిడికిలి ఇటో పిడికిలి, అది పడవ వెడల్పు. అందుకని చట్రం చూస్తే మనిషిని చూసినట్టే.

"సన్న నడుం, పొడుగు కాళ్లు," అన్నాడు పేలె. "చేతిపని ఇసాక్ తాతదే. పక్కటెముకల చివర్లు ఇలా ఏటవాలుగా చెక్కేవాడు ఆయనొక్కడే."

"చెప్పలేదూ? మా నాన్న," అంది దోర్తె.

"మామగారు తన పడవా కట్టుకున్నాడు, కొడుక్కీ కట్టాడు," అంది రెగీనా.

చిక్కు అక్కడే వచ్చింది. తండ్రీ కొడుకులది ఒకే పోత. వెనక నుంచి చూస్తే కుక్కలు కూడా పొరబడేవి. ఆ కొలతకి కట్టిన రెండు పడవల్లో ఒకటి ఏదో కరువు చలికాలంలో పొయ్యిలోకి పోయిందని అందరికీ తెలుసు. మిగిలింది ఏదన్నదే తెలియదు.

నివిని అందులో కూర్చోబెట్టి చూడమంది రెగీనా. నివి కయాక్ సంఘంలో గుడ్డ తొడిగిన పడవలు నడుపుతుంది. తలకిందులై మళ్లీ లేవడం కూడా నేర్చుకుంది. కూర్చుంటే సొరుగు మూసుకున్నట్టు సరిపోయింది.

"చూశారా!" అంది రెగీనా.

"పేరైతే వస్తుంది గానీ నడుం రాదు కదా రెగీనా," అన్నాడు పేలె జాలిగా.

ఎవరిదని తేలకుండా తోలు వేయడానికి వీల్లేదు. పడవ ఎవరిదైతే వాళ్ల పేరు మోస్తున్న మనిషికి చెందుతుంది. పావియాదైతే నివికి. ఇసాక్‌దైతే దోర్తె కొడుకుకి. ఆ కొడుక్కి తాత పేరు పెట్టారు కాబట్టి దోర్తె అతన్ని నాన్న అంటుంది. అతనికి ఇలులిస్సాట్ పట్నంలో యాత్రికుల హోటలుంది.

"నాన్న ఫోన్ చేశాడు," అంది దోర్తె గర్వంగా. "భోజనాల గదిలో కప్పుకి వేలాడదీసి, లోపల దీపాలు పెడతాడట. రాత్రిపూట పక్కటెముకలన్నీ గోడ మీద నీడలు పడతాయట."

రెగీనా చట్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. సముద్రంలో వేటాడిన సీలు కొవ్వు తాగి పెరిగిన పడవ. దాని కడుపులో కరెంటు దీపాలు. దాని కింద కూర్చుని ఎవరెవరో రొయ్యలు తింటారు. పావియా సంగతి ఆవిడకి తెలుసు. ఎండలో ఒక పూట ఒడ్డున కూర్చోమన్నా కాళ్లు ఆడిస్తూనే ఉండేవాడు. అతన్ని తీసుకెళ్లి కప్పుకి వేలాడదీస్తారట.

"కొలత సగమే చెప్పింది," అన్నాడు పేలె. "మిగతా సగం కుట్టు చెప్పాలి."

చట్రం కట్టడం మగవాళ్ల పని, తోలు కుట్టడం ఆడవాళ్ల పని. నలుగురూ కలిసి కుట్టినా, ముక్కు దగ్గర పడవవాడి పెళ్లామే కుట్టాలి. ఊళ్లో ఎవరి కుట్టు ఎవరిదో, ఎవరి నడక ఎవరిదో గుర్తుపట్టినట్టే గుర్తుపట్టేవాళ్లు. పేలె ఆ తోలుముక్కని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక విప్పి, బల్ల మీద పరిచాడు. ఆడవాళ్లంతా మూగారు.

కయాక్ తోలు కుట్టేటప్పుడు సూది తోలు మందంలో సగం దాకా దిగి పక్కకి తేలాలి. ఆవలివైపుకి పొడిచిందా, ఆ కంతలోంచి సముద్రం లోపలికి వస్తుంది. ఈ కుట్టులో సూది ప్రతిసారీ ఆవలికి పొడిచింది. ఒక పోగు బిగువు, పక్క పోగు వదులు. మధ్యలో రేగుపండంత ముడి.

"ఇది చేత్తో కుట్టారా, మోచేత్తోనా?" అంది ఒకావిడ.

"మొగుడి మీద కోపంతో కుట్టి ఉంటుంది," అంది ఇంకొకావిడ.

నవ్వులు ఆగాక పేలె నెమ్మదిగా అన్నాడు. "అయితే ఇది రెగీనాది మాత్రం కాదు."

అందరూ తలలూపారు. ఎందుకు ఊపరు? యాభై ఏళ్లుగా ఆ ఊళ్లో ఏ పెళ్లిలోనైనా, ఏ పుట్టినరోజు కాఫీ దగ్గరైనా రెగీనా చెబుతూ వచ్చిన మాట ఒకటే. నా చేతి కుట్టులోంచి మా ఆయన పడవలోకి ఒక్క చుక్క నీరు రాలేదు. చెప్పి చెప్పి ఆవిడే ఆ మాటను చర్చి గంటంత ఖాయం చేసి పెట్టింది.

"మా అమ్మ కుట్టు," అంది దోర్తె, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా. "చివరి ఏళ్లలో కళ్లకి పొర కమ్మింది కదా పాపం. నాన్న ఆఖరి పడవకి తడుముకుంటూ కుట్టింది."

అందరూ అయ్యో అన్నారు. కరెంటు దీపాలు దాదాపు వెలిగినట్టే అయింది.

రెగీనా ఆ ముక్కని చూడగానే గుర్తుపట్టింది. పట్టకేం చేస్తుంది? ఆ ముడి వేసిన వేలికి ఇప్పటికీ మచ్చ ఉంది.

ఆవిడ పట్నంలో కొట్టు గుమాస్తా కూతురు. పెళ్లికి ముందు కుట్టిందల్లా బల్ల మీద పరిచే గుడ్డల అంచులు. కొత్త కోడలిగా వచ్చిన వసంతంలో అత్తగారు, "తోలు కుట్టడం వచ్చా అమ్మా?" అని అడిగితే, "ఓ, అదెంతసేపు!" అంది. అబద్ధం చెప్పానని ఆవిడ అప్పుడనుకోలేదు. తోలు కూడా గుడ్డలాంటిదే, కాస్త వాసనొస్తుంది అంతే అనుకుంది. ఆడవాళ్లంతా కలిసి పడవంతా కుట్టి, ముక్కు దగ్గర మాత్రం కొత్త కోడలికి వదిలారు, ముచ్చటకి. ఆ ముచ్చట వేసుకుని పావియా వేటకి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి పడవలోంచి లేస్తే నడుం దాకా తడి. "అల ఎక్కిందిరా," అన్నాడు ఒడ్డున ఉన్న మగవాళ్లతో. ఆ రోజు సముద్రం అద్దంలా ఉంది. "మరి పెళ్లాం కుట్టు?" అని ఎవరో అడిగితే, "ఒక్క చుక్క రాలేదు," అన్నాడు.

ఆ చలికాలమంతా అత్తగారు పాత తోళ్ల మీద కుట్టించింది, విప్పించింది, మళ్లీ కుట్టించింది. రెండో వసంతానికి రెగీనా చెయ్యి తిరిగింది. కానీ ఆ పడవకి ఇంకో తోలు రాలేదు. పెళ్లాం వంట తిని పావియా తుంటి రెండు పిడికిళ్లనీ మింగేసింది. పడవలోకి దిగితే పైకి రావడం కష్టమయింది. మామగారు ఇంకో చట్రం కట్టాడు, పాతది దూలాల మీదకెక్కింది. కుట్టలేని కోడలికి వండటం మాత్రం వచ్చినందుకు ఇన్నేళ్ల తర్వాత ఈ తిప్పలు. పైపెచ్చు ఆ ఒక్క చుక్క మాటని ఆయన దగ్గర నుంచి పట్టుకుని, తనదిగా చేసుకుని, ఊరంతా తిప్పింది కూడా తనే.

రెండు రోజులు ఊరుకుంది. మూడోనాడు సమావేశాల గదికి వెళ్లి, పేలె పక్కటెముక మారుస్తుంటే ఎదురుగా నిలబడింది. గదిలో ఇంకో నలుగురున్నారు.

"ఆ కుట్టు నాది," అంది.

పేలె తలెత్తాడు. "ఏ కుట్టు?"

"ఆ దిక్కుమాలిన కుట్టే. నేనే కుట్టాను. కొత్త కోడలిగా ఉన్నప్పుడు. నాకు కుట్టడం రాదప్పుడు."

అందరికీ ఆవిడ మీద జాలి కలిగింది. రెగీనాకి అది తిట్టుకన్నా ఘోరంగా తగిలింది.

"పడవ కోసం ఇంత మాట అనుకుంటావా రెగీనా?" అన్నాడు పేలె.

"మీ చేతికే దిష్టి తగులుతుంది పిన్నీ, అలా అనకండి," అంది పక్కనున్నావిడ. "నా పెళ్లి బూట్లు మీరే కుట్టారు. ఇప్పటికీ చెక్కు చెదరలేదు."

"అవి తర్వాత సంగతి! అప్పట్లో నేను తోలుకి సూది గుచ్చడమే తెలియని దాన్ని!"

"సరే," అన్నాడు పేలె, పోనీలే అన్నట్టుగా. తడి తోలు ముక్కలు రెండు తెచ్చి, జంతువు నరంతో పేనిన దారం ఎక్కించిన సూది చేతికిచ్చాడు. "అప్పట్లో ఎలా కుట్టావో కుట్టి చూపించు. పోల్చి చూద్దాం."

రెగీనా కూర్చుంది. కళ్లు మూసుకుంది. కొత్త కోడలిని, నేను కొత్త కోడలిని అనుకుంది. సూదిని ఆవలికి దింపాలని గట్టిగా పొడిచింది. వేళ్లు మాట వినలేదు. సగం మందంలో సూది దానంతటదే పక్కకి తేలింది. మళ్లీ పొడిచింది, మళ్లీ తేలింది. పళ్లు బిగించి పొడిచినకొద్దీ పోగులు బియ్యపు గింజల్లా ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చున్నాయి. ముడి వేద్దామంటే వేలు ఆ ముడిని తోలు లోపలికే దాచేసింది. జీవితంలో మొదటిసారి ఆవిడ చెడ్డ పని చేద్దామని కూర్చుంటే, అదీ చేతకాలేదు.

పేలె ఆ కుట్టిన తోలుని దొప్పలా పట్టి, నీళ్లు పోసి పైకెత్తాడు. ఒక్క చుక్క రాలలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి రెగీనా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. నివి వచ్చి కాఫీ తనే పెట్టుకుంది.

"పోనీలే పెళ్లామా. నాకు సంఘం పడవ ఉందిగా."

"గుడ్డ పడవ," అంది రెగీనా గోడతో.

"దీపాలు పెడితే బాగానే ఉంటుందేమో."

"మీరు కాసేపు నోరు మూసుకోండి."

నివి నవ్వి, కాఫీ తాగి, కాసేపు ఆవిడ పాదాలు ఒత్తి వెళ్లిపోయింది. మొదటి పావియా కూడా గొడవ ముదిరితే అదే చేసేవాడు. అది గుర్తొచ్చి రెగీనాకి ఏడుపు రావాలి. కోపం వచ్చింది.

ఆఖరి మాట చెప్పడానికి పేలె అందరినీ పిలిచాడు. కాఫీ, ఎండుద్రాక్ష రొట్టె పెట్టారు. దోర్తె ముందు వరసలో కూర్చుంది. తోలుముక్క చట్రం పక్కనే బల్ల మీద ఉంది.

"రెగీనా, నీకేమైనా చెప్పాలని ఉందా?" అన్నాడు పేలె మర్యాదగా.

లేదని చెప్పి కూర్చుందామనుకునే లేచింది రెగీనా. ఇదంతా ముందే వేసుకున్న ఎత్తని తర్వాత చాలామందికి చెప్పుకుంది. అందులో నిజం ఏమీ లేదు. పడవ ఎటూ పోయింది, పేరైనా మిగిలితే చాలనుకుంది. పైగా నలుగురూ తన వైపే చూస్తున్నారు, చేతిలో కాఫీ ఉంది. అలాంటప్పుడు ఆవిడ నోరు ఏనాడూ ఖాళీగా ఉండలేదు.

"ఏం చెప్పనూ," అంది. "మీరన్నదే నిజం. పడవ మీద ఆశతో మొన్న ఏదో అన్నాను. నా చేతిలోంచి అలాంటి కుట్టు ఎలా వస్తుంది? ఈ ఊళ్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నా కుట్టు కుట్టే."

"అదీ మాట," అన్నారెవరో.

"మొదటి రోజునే," అంది రెగీనా, వేడెక్కుతూ. "కొత్త కోడలిగా నేను సూది పట్టుకుంటే మా అత్తగారు నోరు తెరుచుకుని చూసింది. ఎక్కడ నేర్చావే అంది. మా దోర్తెకి ఇన్నేళ్లు నేర్పినా ఈ పనితనం రాలేదే అంది..."

దోర్తె కర్ర నేలకేసి కొట్టింది.

"ఏమందీ?"

"అదే వదినా, అత్తయ్య అంది కదా..."

"మా అమ్మ అందా? నీ గురించా? మొదటి రోజునా?" దోర్తె లేచి నిలబడింది. కర్ర పడిపోయింది, అది చూసుకోలేదు. "పేలే, ఇంతకాలం ఊరుకున్నాను. మా అమ్మ ఒట్టు వేయించుకుంది, కొత్త పిల్ల, నలుగురిలో అల్లరి చెయ్యొద్దని. ఇక నావల్ల కాదు! మొదటి రోజున ఇది సూది పట్టుకున్న తీరు చూసి మా అమ్మ బయటికెళ్లి మంచులో కూర్చుంది, తెలుసా? ముక్కు దగ్గర మూరెడు కుట్టిస్తే మధ్యాహ్నం దాకా కుట్టింది. మా తమ్ముడు నడుం దాకా నీళ్లలో కూర్చుని సీలుని లాక్కొచ్చాడు! అల ఎక్కిందట, అల! ఆ రాత్రి వాడి లాగు పొయ్యి దగ్గర ఆరబెట్టింది నేను!"

"ఎంత చెడ్డగా కుట్టినా ఇంత ఘోరంగానా?" అంది రెగీనా. నోరు ఇంకా ఆగలేదు. కానీ ఇప్పుడు ఎటు పోతోందో దానికీ కొద్దిగా తెలిసింది.

"ఇంత ఘోరంగానే!" దోర్తె కళ్లజోడు తగిలించుకుని, బల్ల దగ్గరికి వెళ్లి, తోలుముక్కని లాక్కుని పైకెత్తింది. "ఇదిగో, ఇలాగే! ఒక కంతలో మూడు పోగులు! ఈ ముడి చూడండి, ఈ ముడి! నేను విప్పబోతే నా గోరు విరిగింది! మా అమ్మ గుడ్డిదైపోయాక కూడా ఇలాంటి ముడి వేసి ఎరుగదు! వేళ్లతోనే చూసి కుట్టేది మా అమ్మ, అంత చీకట్లోనూ ఒక్క పోగు..."

అక్కడ ఆగింది.

దోర్తె చేతిలోని తోలుని చూసింది. పేలెని చూసింది. తర్వాత, చాలా నిదానంగా, రెగీనాని చూసింది.

"అయితే దోర్తె," అన్నాడు పేలె, "ఆ కుట్టు ఎవరిది?"

దోర్తె మనసులో తూచుకుంది. తండ్రి పడవ ఒకవైపు, తల్లి చేతి పరువు ఒకవైపు. ఇక రెగీనాకి కుట్టు రాదని ఊరందరి ముందు చెప్పే అవకాశం యాభై ఏళ్లకి ఒకసారి వస్తుంది.

"దీనిదే," అంది చివరికి, వేలు చూపించి. "ఇంత చండాలంగా ఈ కోస్తా మొత్తంలో ఎవరూ కుట్టలేరు."

రెగీనా తల వంచుకుంది. సిగ్గుతో అనుకున్నారు అందరూ. కొంత సిగ్గే.

మర్నాటి నుంచి ఊళ్లో రెగీనా పేరు చెప్పి నవ్వనివాళ్లు లేరు. పెళ్లి బూట్లు కుట్టించుకున్నావిడ కూడా ఒకసారి వాటిని తిరగేసి చూసుకుందట. తోలు కుట్టడం నేర్చుకునే పడుచులు దోర్తె ఇంటికి వెళ్లడం మొదలుపెట్టారు. రెగీనా ఇంట్లో కెటిల్ ఒంటరిగా మరిగింది. పడవకి కొత్త తోళ్లు గీకి, నానబెట్టి, అందరూ చుట్టూ కూర్చుని కుట్టే రోజున ఆవిడ ముక్కు దగ్గర కూర్చోబోతే, దోర్తె మోచేత్తో పక్కకి నెట్టింది.

"నువ్వు వెనక్కి పో. ఇక్కడ నేను కుడతాను."

"అక్కడ నా జాగా వదినా."

"నీ జాగాలో మా తమ్ముడు తడిశాడు. చాల్లే."

రెగీనా వెనక్కి పోయింది. తోక దగ్గర కూర్చుని, నోరు మూసుకుని కుట్టింది. తోళ్లు ఆరే కొద్దీ బిగిసి, వేలితో కొడితే డప్పులా మోగాయి. కుట్ల మీద కొవ్వు రాశారు. దోర్తె కొడుకు హోటల్ నుంచి ఫోన్ చేస్తే, దోర్తె, "ఇది సముద్రానికి పోయే పడవ నాన్నా, నీ గదిలో పట్టదు," అని పెట్టేసింది.

మంచుగడ్డలు దూరంగా జరిగి నీళ్లు తెరుచుకున్న పొద్దున నివి పడవని ఒక్క భుజం మీద మోసుకుని ఒడ్డుకి తెచ్చింది. నీళ్లలో దింపి, కాళ్లు జొనిపి, సర్దుకుని కూర్చుంది. ఊరంతా ఒడ్డునుంది. రెగీనా మోకాలి దాకా నీళ్లలోకి వెళ్లి, పడవ ముక్కు పట్టుకుని, ఏదో చెప్పాలని నోరు తెరిచింది.

"వదులు పెళ్లామా," అంది నివి మెల్లగా. "పోవాలి."

వదిలింది. తెడ్డు ఒకసారి ఇటు, ఒకసారి అటు. పడవ చప్పుడు లేకుండా జారిపోయింది. నడుం దగ్గర పావియా ఎలా ఊగేవాడో అలాగే ఊగుతోందని రెగీనాకి అనిపించింది. అది నిజమో, కళ్ల నీళ్ల వల్లో ఆవిడ తేల్చుకోలేదు.

"తమ్ముడూ! వీపు నిటారుగా పెట్టు!" అని అరిచింది దోర్తె, గట్టు మీద నుంచి.

"మా ఆయనకి నువ్వు చెప్పక్కర్లేదు!" అంది రెగీనా, నీళ్లలోంచి వెనక్కి తిరిగి.

"నీకంటే ముందు నాకు తమ్ముడు వాడు!"

"ఏమండీ! ఆవిడ మాట వినకండి! ఎడమవైపు గాలి చూసుకోండి!"

"గాలి కుడివైపే గుడ్డిదానా! కుడివైపు, తమ్ముడూ!"

నివి వెనక్కి చూడలేదు. మాటలు అందే దూరం ఎప్పుడో దాటేసింది. అయినా ఒడ్డున ఆ ఇద్దరూ గాలి ఎటు నుంచి వస్తోందో తేల్చుకుంటూనే ఉన్నారు.